చిన్నారులను వరసలో నిలబెడితే ఇక ఆట ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో ఒక తండ్రి రాసింది చదివాను. బయటికి వెళ్లే వీలు లేని రోజుల్లో తమ పాపను చూసుకునే క్రెష్‌లో పిల్లలందర్నీ టీవీ ముందు కూర్చోబెడుతున్నారట. అడిగితే "ఏం చేయమంటారు సార్, మాకు గ్రౌండ్ లేదు కదా" అన్నారట. ఆ మాటకు ఏం బదులు చెప్పాలో ఆయనకు తోచలేదు. నాకు తోచింది, అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది. ఎక్కడ కత్తిరించాలో మీ ఇష్టం.

నేను పనిచేసే క్రెష్‌కీ గ్రౌండ్ లేదు. ఒక హాలు, పక్కన పిల్లలు పడుకునే గది, అంతే. ఏడాది నిండని పసివాళ్ల నుంచి నాలుగున్నరేళ్ల గడుగ్గాయిల దాకా అందులోనే ఉంటారు. ఎండలు మండిపోతున్నా, రోజంతా ముసురు పట్టినా, బయట గాలిలో పొగ నిండినా మాకున్న చోటు అదే. ఆ హాల్లోనే పిల్లలు చెమటలు కారేలా ఆడతారు. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు "ఇదేంటండీ, ఇలా తడిసిపోయాడు" అని అడుగుతుంటారు కూడా.

గ్రౌండ్ లేదన్న సాకు ఎంత తప్పో, దానికి మందుగా చాలామంది యజమానులు చేసే పనీ అంతే తప్పు. తల్లిదండ్రులు గట్టిగా అడిగితే ఒక ప్లాస్టిక్ జారుడుబండ కొని హాలు మధ్యలో పెడతారు. ఫొటోకి బాగుంటుంది. కానీ దాని దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఒకడు జారుతుంటాడు, మిగతావాళ్లంతా వెనక వరసలో. వరసలో ఉన్న రెండేళ్లవాడు ముందున్నవాడిని తోస్తాడు, వాడు ఏడుస్తాడు, టీచర్ "వంతు, వంతు" అని అరుస్తుంది. అరగంట జారుడుబండ కార్యక్రమంలో ఒక్కో బిడ్డ నిజంగా కదిలేది రెండు మూడు నిమిషాలు. మిగతా సమయమంతా నిలబడటమే. టీవీ ముందు కనీసం కూర్చోనిస్తారు.

నా ఫిర్యాదు అసలు దీని గురించే. గది ఇరుకుగా ఉండటం వల్ల చిన్నపిల్లలకు ఆట తగ్గట్లేదు. వంతు కోసం నిలబెట్టడం వల్ల తగ్గుతోంది.

ఎంతసేపు ఆడాలన్నదానికి లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 ఏప్రిల్‌లో ఐదేళ్లలోపు పిల్లల కోసమే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదపాలి. మూడు, నాలుగేళ్ల వాళ్లకు అందులో కనీసం 60 నిమిషాలు గుండె వేగం పెరిగి, ఒగర్చే స్థాయి ఆట ఉండాలి. ఏడాది నిండని, ఇంకా దోగాడని పసివాళ్లను మెలకువగా ఉన్నప్పుడు విడతలవారీగా కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలి. తోపుడుబండిలోనో ఎత్తు కుర్చీలోనో బెల్టు పెట్టి ఏ బిడ్డనూ ఒకేసారి గంటకు మించి ఉంచకూడదు. స్క్రీన్ ముందు కూర్చోబెట్టడం రెండేళ్లలోపు అసలే వద్దు, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా కూడా రోజుకు గంటకు మించకూడదు.

మూడు గంటలు అనగానే మా పనిలో ఉన్నవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. మూడు గంటలు డ్రిల్లు చేయించాలా అని! అక్కర్లేదు. అది ఏకబిగిన చేసేది కాదు, రోజంతా పరుచుకున్న లెక్క. బొమ్మల బుట్ట ఈ మూల నుంచి ఆ మూలకు మోసుకెళ్లినా అందులోకే వస్తుంది. పెద్దపిల్లలకు చెప్పిన ఆ ఒగర్చే గంట మాత్రం దానంతటది రాదు, మనం పూనుకోవాలి. బిడ్డ మెలకువగా ఉండే సమయంలో ఎక్కువ భాగం క్రెష్‌లోనే గడుస్తున్నప్పుడు, ఈ పని ఇంటికి వెళ్లాక అమ్మానాన్నలు చూసుకుంటారులే అనుకోవడం దులపరించుకోవడమే.

నిలబెట్టే ఆటల్లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది కుర్చీలాట. పుట్టినరోజు వచ్చినా, ఇంకే వేడుక వచ్చినా అదే. పాట ఆగగానే కుర్చీ దొరకని బిడ్డ అవుట్. మొదట అవుట్ అయ్యేది ఎవరు? అందరికన్నా చిన్నది, నెమ్మదైనది, కాస్త బొద్దుగా ఉన్నది, లేదా పాట వింటూ మైమరచిపోయినది. అంటే ఆ ఆట ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లనే ముందుగా గోడకు ఆనించి కూర్చోబెడుతున్నాం. చురుగ్గా ఉన్నవాడు చివరిదాకా ఆడతాడు. మూడేళ్ల బిడ్డకు ఓడిపోవడం నేర్పాలంటారు కొందరు. నేర్పండి, కానీ ఇంకో రెండేళ్లు ఆగండి.

మేము అదే ఆటను తిరగేశాం. కుర్చీలు లేవు. రంగు టేపుతో నేల మీద పెద్ద పెద్ద గుండ్రాలు అతికిస్తాం. పాట ఆగగానే అందరూ ఏదో ఒక గుండ్రంలో కాలు పెట్టాలి. ప్రతి విడతకూ ఒక గుండ్రం పీకేస్తాం, పిల్లలు మాత్రం ఎవరూ బయటికి పోరు. చివరికి ఒక్క గుండ్రం మిగిలేసరికి అందరూ దాన్లోనే ఒకరినొకరు పట్టుకుని, ఒంటికాలు లోపల ఒంటికాలు బయట, కిందపడి నవ్వులు. ఆ విడత కోసమే మళ్లీ మళ్లీ ఆడించమంటారు. చాపలు వేసి ఆడించేవాళ్లూ ఉన్నారు. నున్నటి గచ్చు మీద చాప జారుతుంది, నాకు టేపే నయం.

విగ్రహం ఆట కూడా అంతే. పాట వస్తున్నంతసేపు గెంతడం, ఆగగానే బిగుసుకుపోవడం. కదిలినవాడిని బయటికి పంపకుండా ఆడించండి. రెండేళ్లవాళ్లు ఎలాగూ ఆగలేరు, పాట ఆగాక ఇంకో నాలుగు గంతులు వేసి మన మొహం చూస్తారు. ఆగడం అనేది వాళ్ల మెదడుకు ఇంకా కొత్త విద్య. మూడున్నర దాటినవాళ్లకు ఆటను కాస్త మెలిపెట్టవచ్చు. చప్పట్లు గట్టిగా కొడితే మెల్లగా నడవాలి, మెల్లగా కొడితే పరుగెత్తాలి. "తల ముట్టుకో" అంటే కాలివేళ్లు ముట్టుకోవాలి. పిల్లలు తమను తాము ఎంత అదుపు చేసుకోగలరో కొలవడానికి పరిశోధకులు వాడే పద్ధతుల్లో ఈ తల-కాలివేళ్ల తికమక ఒకటి. మాకు మాత్రం కొలతతో పనిలేదు, ఆ తికమకలో వాళ్లకు వచ్చే నవ్వు చాలు.

టేపు గురించి ఇంకాస్త చెప్పాలి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఆట ఇచ్చే వస్తువు నేను ఇంకోటి చూడలేదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో మొదలుపెట్టిన 'పిల్లల ఇల్లు' అనే బడి సంప్రదాయంలో నేల మీద గీత గీసి పిల్లలను దాని మీద నడిపించే అభ్యాసం ఒకటుంది. ముందు పాదం మడమ వెనక పాదం వేళ్లకు ఆనేలా అడుగుకు అడుగు ఆనించి నడవాలి. తర్వాత చేతిలో గంట పట్టుకుని అది మోగకుండా నడవాలి. ఆ గీత ఎలా ఉంటుందో చూడండి. నిలువు గీత కాదు, కోడిగుడ్డు ఆకారంలో మూసుకుపోయిన గీత. దానికి మొదలూ లేదు, చివరా లేదు. మొదలు లేని చోట వరస ఎక్కడ కడతారు? పదిమంది పిల్లలు పది చోట్ల నుంచి ఒకేసారి నడవచ్చు. చాలామంది ఈ అభ్యాసాన్ని నిలకడ కోసమనీ ఏకాగ్రత కోసమనీ చెబుతారు. నాకైతే ఎవరినీ ఆపి నిలబెట్టక్కర్లేదన్నదే దానిలోని పెద్ద తెలివి.

ఆ ఒక్క సూత్రం పట్టుకుంటే హాలంతా మారిపోతుంది. అడ్డంకుల దారి అని అందరూ పెట్టేదే. బల్ల మీద దుప్పటి కప్పితే సొరంగం. దిండ్లు పరిస్తే కొండలు. నేల మీద తాడు వంకరటింకరగా వేస్తే వంతెన. రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలో దూరి అవతలికి రావడం ఒకటి. వీటిని ఒక గోడ నుంచి ఇంకో గోడకు పేర్చితే మొదట్లో వరస కడతారు. అవే వస్తువులను హాలు చుట్టూ గుండ్రంగా పేర్చి, ఇద్దరిని సొరంగం దగ్గర, ఇద్దరిని దిండ్ల దగ్గర, ఇద్దరిని తాడు దగ్గర వదిలితే అందరూ ఒకేసారి కదులుతారు. తిరిగే దిక్కు మాత్రం ఒక్కటే ఉండాలి. లేకపోతే సొరంగంలో రెండు తలలు ఢీకొంటాయి.

పెద్దవాళ్లు ఎక్కడ నిలబడాలన్నది కూడా చాలా ముఖ్యం. మామూలుగా టీచర్ మొదట్లో నిలబడి "ఊఁ, నువ్వు వెళ్లు, ఇప్పుడు నువ్వు" అని పంపుతూ ఉంటుంది. అది ట్రాఫిక్ పోలీసు పని. ఏ చోట పడే అవకాశం ఎక్కువో అక్కడ ఉండాలి. ఎత్తు నుంచి దిగే చోటే సాధారణంగా అది. చిన్నపిల్లలకు ఎక్కడం త్వరగా వస్తుంది, దిగడం ఆలస్యంగా వస్తుంది. వెనక్కి తిరిగి కాలు కిందికి చాచి నేలను వెతుక్కోవడం నేర్పితే వాళ్లకూ మనకూ హాయి. చేయి పట్టి దింపడం కన్నా "కాలు ఇంకా కిందికి, ఇంకాస్త, అదీ" అని చెప్పడమే మేలు.

ఇక్కడే తల్లిదండ్రులకు కూడా ఒక హెచ్చరిక. పిల్లల్ని ఒక్క చేయి పట్టుకుని పైకి లాగడం, రెండు చేతులూ పట్టుకుని గాల్లో తిప్పడం చేయకండి. నాలుగైదేళ్ల లోపు పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే కట్టు ఇంకా గట్టిపడదు, ఆ ఎముక జారుతుంది. బిడ్డ చేయి కదపకుండా వేలాడేసి ఏడుస్తుంటే అదేనేమోనని అనుమానించి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, మనమే సరిచేయబోకూడదు. ఎత్తాలంటే చంకల కింద చేతులు పెట్టి ఎత్తండి. ఆటలో కన్నా, సాయంత్రం హడావుడిగా గుమ్మంలోంచి లాక్కెళ్లేటప్పుడే ఇది ఎక్కువ జరుగుతుందని నా అనుమానం.

బంతాటకు వస్తాను. లోపల బంతులు వద్దని చాలాచోట్ల నిషేధం. అద్దాలు పగులుతాయని భయం. పాత సాక్సులో గుడ్డపేలికలు కుక్కి, నోరు ముడేసి కుట్టేయండి. ఎక్కడ తగిలినా ఏమీ కాదు, దొర్లి మంచం కిందికీ పోదు. అయితే ఒక్క బంతి చేస్తే మళ్లీ వంతుల గోల. పిల్లలు ఎంతమందో దానికి రెట్టింపు బంతులు ఉండాలి. హాలు మధ్యలో టేపు అతికించి, మనవైపు పడ్డ బంతులన్నీ అవతలికి విసిరేయాలి అని చెబితే చాలు. ఇటువాళ్లు విసిరేకొద్దీ అటువాళ్లు తిరిగి విసురుతారు. ఆ పని ఎప్పటికీ పూర్తి కాదు, పూర్తి కాకపోవడమే ఆట. నాలుగేళ్లవాళ్లు ఒళ్లు తెలియకుండా ఒగర్చేది ఇందులోనే. అటూ ఇటూ అన్న జట్ల సంగతి రెండేళ్లవాళ్లకు తలకెక్కదు, వాళ్లు గీత దాటి వెళ్లి విసిరిన బంతిని తామే తెచ్చుకుంటారు. తెచ్చుకోనివ్వండి.

రెండేళ్లవాళ్లకు అసలు ఇష్టమైన ఆట మోయడం. ఇది చాలామందికి ఆటగా కనిపించదు. హాలుకు ఒక మూల నిండు బుట్ట, ఎదురు మూల ఖాళీ బుట్ట పెట్టండి. ఒక్కొక్కటిగా మోసుకెళ్లి నింపుతారు, మళ్లీ వెనక్కి తెస్తారు. అట్టపెట్టెలో నాలుగు పుస్తకాలు వేసి ఇస్తే ఒళ్లంతా వంచి తోసుకుంటూ తిరుగుతారు. బరువు తోయడం, లాగడం వల్ల కండరాలకూ కీళ్లకూ పని పడుతుంది, తన ఒళ్లు ఎక్కడుందో, ఎంత బలం పెట్టాలో బిడ్డకు తెలిసివస్తుంది. అల్లరి మితిమీరిన పిల్లవాడికి కాసేపు పెట్టె తోసే పని ఇస్తే కుదుటపడటం మేము చూస్తూనే ఉంటాం. "కదలకుండా కూర్చో" అనడం కన్నా అది ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

పట్టుకోవడం వేరే విద్య. పెద్ద బంతిని చాలావరకు పట్టుకోగలగడం నాలుగేళ్ల ప్రాంతంలో వస్తుంది. అంతకుముందు బంతి విసిరితే కళ్లు మూసుకుని మొహానికి తగిలించుకుంటారు, తర్వాత బంతంటేనే భయపడతారు. పలచటి గుడ్డముక్క పైకి ఎగరేస్తే అది తీరుబడిగా దిగుతుంది. బిడ్డ చూసి, చేయి చాచి, అందుకునేంత సమయం ఇస్తుంది. దానికోసం బెలూన్లు వాడేవాళ్లు ఉన్నారు. నేను గట్టిగా వద్దంటాను. పగిలిన రబ్బరు ముక్క గొంతులోకి పోతే ఊపిరిగొట్టం మీద అంటుకుపోతుంది, తీయడం కష్టం. బెలూన్ ప్యాకెట్ల మీద ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రమాదమని హెచ్చరిక ఉండేది ఇందుకే. బంతుల విషయంలోనూ మూడేళ్లలోపు వాళ్లకు నాలుగున్నర సెంటీమీటర్ల కన్నా చిన్నవి ఇవ్వకూడదు. పసివాళ్లు ఉన్న గదిలో మేమైతే పిడికిలిలో ఇమిడే బంతిని అసలు రానివ్వం.

జంతువుల నడక గురించి వేరే చెప్పాలా! ఎలుగుబంటిలా నాలుగు కాళ్ల మీద, పీతలా పొట్ట పైకెత్తి వెనక్కి, పాములా నేల మీద, కప్పలా గంతులు. గోడ నుంచి గోడకు అందరూ ఒకేసారి. కప్పగంతు దగ్గర ఒక తమాషా ఉంది. రెండు కాళ్లూ ఒకేసారి నేల విడిచి ఎగరడం చాలామందికి రెండున్నరేళ్ల ప్రాంతంలో గానీ రాదు. అంతకన్నా చిన్నవాళ్లు మోకాళ్లు వంచుతారు, చేతులు గాల్లోకి విసురుతారు, ఊపిరి బిగపడతారు, పాదాలు మాత్రం నేలనే అంటిపెట్టుకుని ఉంటాయి. "టీచర్, నేను ఎంత ఎత్తు ఎగిరానో చూశావా" అని అడుగుతారు. చూశానమ్మా అంటాను. వాళ్లు నిజంగానే ఎగిరారు, పాదాలకే ఇంకా కబురు అందలేదు. ఒంటికాలి గెంతుడైతే నాలుగు, ఐదేళ్ల మధ్య మాట. ఇవేవీ తెలియక మూడేళ్లవాళ్ల చేత తొక్కుడుబిళ్ల ఆడించి, "వీడికి రావట్లేదు" అని తల్లికి చెప్పేవాళ్లు ఉన్నారు.

పసివాళ్లను మర్చిపోతాం. పెద్దపిల్లలు గెంతుతుంటే వాళ్లను ఊయల కుర్చీలో బెల్టు పెట్టి పక్కన ఉంచుతాం, భద్రంగా ఉన్నారు కదా అని. వాళ్లకూ నేల కావాలి. దిండ్లతో ఒక మూలను కోటలా కట్టి, ఎవరూ తొక్కకుండా చూసి, లోపల గట్టి పరుపు మీద బోర్లా పడుకోబెట్టాలి. పాలు తాగిన వెంటనే వద్దు, నిద్ర లేచాక బాగుంటుంది. మొదట్లో రెండు మూడు నిమిషాలకే ఏడుస్తారు. మనం కూడా వాళ్లకు ఎదురుగా బోర్లా పడుకుని మొహం చూపిస్తే ఇంకాసేపు తలెత్తుతారు. ఇది సరదా కోసం చెప్పట్లేదు, నిజంగా నేల మీద పడుకోవాలి. నడుము నొప్పి ఉన్న మా ఆయమ్మ అద్దం పెట్టి అదే పని సాధిస్తుంది.

ఎమ్మీ పిక్లర్ అనే హంగేరీ పిల్లల డాక్టర్ 1946లో బుడాపెస్ట్‌లో తల్లిదండ్రులు లేని పసివాళ్ల కోసం ఒక సంరక్షణాలయం నడపడం మొదలుపెట్టారు. బిడ్డ తనంతట తాను చేరలేని భంగిమలో బిడ్డను పెట్టకూడదన్నది ఆమె పద్ధతి. కూర్చోవడం రాని బిడ్డను దిండ్లు చెక్కి కూర్చోబెట్టరు, నిలబడలేని బిడ్డను చేతులు పట్టి నడిపించరు. నేల ఇస్తారు, సమయం ఇస్తారు. నేను అంత పట్టుదలగా ఉండలేకపోయినా చక్రాల వాకర్ విషయంలో మాత్రం ఆమె పక్షమే. వాకర్ నడక నేర్పదు, మెట్ల మీంచి పడేలా చేస్తుంది. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. అయినా పుట్టినరోజు కానుకగా వాకర్ తెచ్చి "మీ క్రెష్‌లో ఉంచండి" అని ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. మేము తీసుకోం, వాళ్లు చిన్నబుచ్చుకుంటారు.

చప్పుడు సంగతి ఒకటుంది. కింది అంతస్తులో మనుషులు ఉంటారు, వాళ్లకూ ప్రాణాలు ఉంటాయి. రోజులో కొన్ని వేళలు చప్పుడు లేని ఆటకు కేటాయించాలి. పిల్లి అడుగుల ఆట అలాంటిది. ఒకరు కళ్లు మూసుకుని గోడవైపు కూర్చుంటారు, మిగతావాళ్లంతా ఎదురు గోడ నుంచి చప్పుడు చేయకుండా వచ్చి తాకాలి. నిశ్శబ్దంగా నడవడం పరుగు కన్నా కష్టం. కాళ్లు వణుకుతాయి, మోకాళ్లు వంచాలి, నవ్వు ఆపుకోవాలి. నిద్రకు ముందు ఇలాంటివి పెడతాం, పొద్దున్నా, నిద్ర లేచాకా గెంతులు పెడతాం. నిద్రకు ముందు గెంతిస్తే అలసిపోయి పడుకుంటారనేది పెద్దల ఆశ మాత్రమే, ఆ ఊపులో ఇంకా లేచి కూర్చుంటారు.

తల్లిదండ్రుల దగ్గర్నుంచి వచ్చే ఇంకో సలహా, ఫోన్లో డాన్స్ వీడియో పెట్టమని. పెట్టి చూడండి. మొదటి నిమిషం చేతులు ఊపుతారు, తర్వాత నోరు తెరుచుకుని తెరవైపు చూస్తూ నిలబడిపోతారు. కదిలించడానికి పెట్టిన వీడియోనే వాళ్లను కట్టేస్తుంది. పాట మాత్రం వినిపించి, ముందు మనం గెంతితే వాళ్లూ గెంతుతారు. మనం గెంతడానికి సిగ్గుపడతాం, అసలు ఇబ్బంది అదే.

బట్టల గురించి అమ్మలకు ఒక విన్నపం. జరీ, నెట్టు, కుచ్చుల గౌన్లు వేసి పంపకండి. దోగాడే పిల్లకు మోకాళ్ల కింద గౌను పడితే ముందుకు కదల్లేక అక్కడే కూర్చుండిపోతుంది. ఒకే వయసు మగపిల్లలు, ఆడపిల్లలు ఒకే సొరంగం దగ్గర ఉంటే, గౌను పట్టుకుని నిలబడిపోయేది ఎవరో రోజూ చూస్తున్నాం. వదులు లాగు, చొక్కా చాలు. నున్నటి నేల మీద సాక్సులు కూడా వద్దు, ఒట్టి పాదాలే పట్టు ఇస్తాయి.

కాళ్లకు ఊతంగా బ్రేసులు కట్టుకుని నడిచే బిడ్డో, చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డో ఉంటే ప్రత్యేక ఆటలు వెతకక్కర్లేదు. టేపు దారిని చక్రాలకు సరిపడా వెడల్పు చేయండి, సాక్సుల బంతులను ఒడిలో నింపండి. పక్కన కూర్చుని చప్పట్లు కొట్టే పాత్ర మాత్రం ఇవ్వకండి, అది ఇంకో పేరుతో అవుట్ చేయడమే. గోల భరించలేక మూలకు పోయే పిల్లలు వేరు. వాళ్లు కాసేపు చూస్తారు, తర్వాత మనం పిలవకుండానే వస్తారు.

ఇన్ని చెప్పినా ఒక మాట దాచకూడదు. ఒకే ఒక్క ఆయమ్మకు పాతికమంది పిల్లల్ని అప్పగిస్తే ఇందులో ఒక్కటీ జరగదు, ఆమె టీవీ పెట్టడంలో తప్పు లేదు. చోటు విషయంలోనూ హద్దులుంటాయి. ఇంగ్లండ్ నిబంధనల్లో రెండేళ్లలోపు బిడ్డకు 3.5 చదరపు మీటర్లు, రెండేళ్ల బిడ్డకు 2.5, మూడు నుంచి ఐదేళ్ల బిడ్డకు 2.3 చదరపు మీటర్లు లోపలి చోటు ఉండాలని రాసుకున్నారు. అదీ వాడుకోగలిగిన చోటు. బీరువాలు, విరిగిన బొమ్మలు, నేను పైన చెప్పిన జారుడుబండ పోగా మిగిలినది. యజమానులు కొత్త సామాను కొనేముందు పాత సామాను బయట పెట్టించి చూస్తే, గ్రౌండ్ లేదన్న హాల్లో ఎంత నేల ఉందో తెలుస్తుంది.

ఉత్తరం రాసిన ఆ తండ్రికి నా సలహా ఇది. క్రెష్‌వాళ్లతో టీవీ గురించి గొడవపడకండి. ఒక రోజు కాస్త ముందుగా వెళ్లి, ఆట జరిగే వేళ గుమ్మం దగ్గర నిలబడండి. కదులుతున్న పిల్లలను, నిలబడి చూస్తున్న పిల్లలను విడివిడిగా లెక్కపెట్టుకుని, ఆ అంకెలు వాళ్లకు చెప్పండి. మీ పాప ఏ లెక్కలో ఉందో కూడా చెప్పండి.

సంపాదకులకు కూడా ఒక విన్నపం ఉంది. మీ పిల్లల పేజీలో పదవినోదాలు, చుక్కలు కలిపే బొమ్మలు వేస్తున్నారు, సంతోషం. అవన్నీ చదవడం వచ్చినవాళ్లకు, కూర్చుని చేసేవాళ్లకు. అక్షరాలు రాని, కూర్చోలేని మా పిల్లల కోసం వారానికి ఒక్క ఆట వేయండి. ఒక గదిలో, అందరూ ఒకేసారి ఆడేది, ఎవరూ అవుట్ కానిది. అది చదివేది పిల్లలు కాదు, మాలాంటి టీచర్లు, ఆయమ్మలు. కాబట్టి అక్షరాలు కాస్త పెద్దవిగా వేయండి, గోడకు అతికించుకుంటాం.

ఇట్లు,
ఒక క్రెష్ టీచర్